డ్రా అయితే బెల్టు ఎవరిది?

మా కొట్లో జరిగిన బాక్సింగ్ పోటీల్లో ఒక్కటి కూడా నిజంగా జరిగింది కాదు. అందుకే అవి అంత బాగుంటాయి. నిజంగా జరిగిన పోటీలో ఒకడు పడిపోతాడు, ఇంకొకడు చేతులెత్తుతాడు, జనం ఇళ్లకు పోతారు. జరగని పోటీకి ఆ తొందర లేదు. మనకు ఓపికున్నంత కాలం అది నడుస్తూనే ఉంటుంది.

నాది కాటాలు బాగుచేసే కొట్టు. బంగారం తూచే చిన్న తక్కెడ దగ్గర్నుంచి బస్తాలు తూచే పెద్ద కాటా దాకా, ఏది తప్పు చెప్పినా నా దగ్గరికే తెస్తారు. మనిషి తప్పు చెబితే మాత్రం నేను బాగుచేయను, ఇంకాస్త పెంచి పంపిస్తాను. కొట్టు నడిమధ్య ఒక పాత ఇనుప కాటా ఉంది. దాని పలక మీద రెండు బస్తాలు పక్కపక్కనే పడతాయి. పక్కన నిలువు స్తంభం, స్తంభం తల మీద అడ్డంగా ఇత్తడి కడ్డీ, కడ్డీ మీద అటూ ఇటూ జరిగే గుండు. బరువు సరిపోతే కడ్డీ గాల్లో నిలకడగా నిలుస్తుంది. సరిపోకపోతే పైకో కిందికో పోయి టంగుమంటుంది. దాన్ని కొంటామని వచ్చినవాళ్లు చాలామందే. అమ్మను. అది మా రింగు.

మా వాదనంతా ఒక్క తరగతి గురించే: క్రూయిజర్‌వెయిట్. తెలియనివాళ్ల కోసం చెబుతాను. బాక్సింగ్‌లో అందరికన్నా బరువైనవాళ్లు హెవీవెయిట్‌లు. వాళ్లకు పై హద్దు లేదు, కొండంత ఉన్నా రానిస్తారు. వాళ్లకు ఒక్క మెట్టు కింద ఉన్నవాళ్లే క్రూయిజర్‌వెయిట్‌లు. తొంభై కిలోలు, ఆపైన ముప్పావు కిలోకి కాస్త తక్కువ. అక్కడ గీత. ఇంట్లో పెద్దకొడుక్కి పెత్తనం ఇస్తారు, చిన్నకొడుకుని ముద్దు చేస్తారు, నడిపివాడు అన్నం తిన్నాడో లేదో ఎవరికీ గుర్తుండదు. క్రూయిజర్‌వెయిట్ అంటే ఆ నడిపివాడు. పెద్దవాళ్ల దెబ్బ ఉంటుంది, చిన్నవాళ్ల కాళ్లుంటాయి, చప్పట్లు మాత్రం పక్కింటికి పోతాయి. మా అన్నదమ్ముల్లో నేను నడిపివాణ్ణి. ఇంక నా మనసెటో వేరే చెప్పాలా?

దూరదేశాల ఛాంపియన్ల పేర్లు మా నోళ్లకు తిరగవు, కాబట్టి మేమే పెట్టుకున్నాం. గానుగ అని ఒకడు. ఎదుటివాడి చుట్టూ తిరిగి తిరిగి, డొక్కల్లో కొట్టి కొట్టి, పిప్పి చేసి వదిలేవాడు. పలుగు అని ఇంకొకడు, ఇప్పటివాడు. ఒక్కటే దెబ్బ, నిటారుగా, గోడలోకి పలుగు దిగినట్టు. వీళ్లిద్దరి మధ్యా పాతికేళ్ల తేడా. ఒకడు రింగు దిగేసరికి ఇంకొకడు పలకా బలపం పట్టుకున్నాడు. అయినా మా కాటా మీద వీళ్లు ఎన్నిసార్లు తలపడ్డారో నాకే తెలియదు. గానుగ రోజుల్లో ఆ తరగతి హద్దు ఎనభై ఆరు కిలోలే ఉండేది, తరవాత పెంచారు. మరి ఏ హద్దు లెక్క? దీని మీదే ఒక వానాకాలమంతా కొట్టుకున్నాం. చివరికి ఇప్పటి హద్దే అని తేల్చాం.

తేల్చడమంటే అలా ఇలా కాదు, మా కొట్టుకు చట్టం ఉంది. మాట్లాడేవాడు కాటా మీద నిలబడి మాట్లాడాలి. ఏ ఛాంపియన్ అయినా తన జన్మలోకెల్లా మంచి రోజున వచ్చినట్టే లెక్క, ‘ఆ రోజు జ్వరం’ లాంటి సాకులు చెల్లవు. పోటీ పన్నెండు రౌండ్లు. ఆరు అయ్యాక పక్షం మారాలి. అంటే, అంతదాకా గానుగ తరఫున అరిచినవాడు ఇప్పుడు పలుగు తరఫున అరవాలి, అదీ మనసుపెట్టి. మొక్కుబడిగా చేస్తే తీర్పరి ఒప్పుకోడు. తీర్పరి మా పళ్ల డాక్టరు. బాక్సింగ్ మీద ఆయనకున్న ప్రేమ బతుకుతెరువు మీది ప్రేమేనని నా అనుమానం.

ఈ పక్షం మారే చట్టం చేసింది మా బావ. మా అక్క మొగుడు. ఆయన్ని అందరూ దిమ్మిస అంటారు. కుర్రతనంలో రోడ్లు వేసే పనిలో దిమ్మిసతో నేల కొట్టేవాడు, ఆ పేరే రింగులోకి తెచ్చుకున్నాడు. ఒకప్పుడు ఇక్కడి క్రూయిజర్‌వెయిట్ బెల్టు మూడేళ్లు ఆయన నడుముకే ఉంది. ఆయన కుడిచేతి దెబ్బ తిన్నవాడొకడు మర్నాడు అద్దం ముందు నిలబడి, “తమరెవరండీ, ఎప్పుడూ చూళ్లేదే?” అని మర్యాదగా అడిగాడట. ఆయన బస్తా కొడుతుంటే పక్కవీధిలో పాలు వాటంతటవే తోడుకునేవట. ఈ కబుర్లన్నీ ఎవరు పుట్టించారని అడక్కండి. అడిగితే ఇంకో రెండు చెబుతాను.

బావ తరవాత ఆ బెల్టు కట్టుకున్నవాడు కొరడా. టెలిఫోను స్తంభాలెక్కి తీగలు సరిచేసే పని ఆయనది. సన్నగా, పొడుగ్గా, ఎడమచెయ్యి మాత్రం దేవుడు ఇంకొకళ్ల కోసం కొలిచి ఈయనకు అతికించినట్టు ఉండేది. కొరడాది మొదట కింది తరగతి. ఆయన బరువు పెంచుకుని పైకి వచ్చేవేళకు బావ మణికట్టు విరిగి ఆట మానేశాడు. ఇద్దరూ ఒక్క బెల్టు కట్టారు, ఒక్క రింగులో ఆడారు, ఒకళ్లకొకళ్లు ఎదురుపడలేదు. అప్పటినుంచీ ఊళ్లో బాక్సింగ్ తెలిసిన ప్రతివాడికీ ఒకటే ప్రశ్న: దిమ్మిస, కొరడా తలపడితే ఎవరు గెలిచేవారు?

ఆ ప్రశ్నను మా కొట్లో మాత్రం ఎత్తేవాళ్లం కాదు. బావ ఎదురుగా కూర్చుంటే ఎలా ఎత్తుతాం?

ఇలా ఉండగా బావ మనవరాలు, లిఫ్టులు బాగుచేసే పిల్ల, ఒక బేకరీ అతన్ని ఇష్టపడింది. ఆ బేకరీలో లిఫ్టు లేదు. ఉన్నదంతా ఒక అంతస్తే. అయినా రోజూ ఏం చూసి వస్తుందో అని మా అక్క ఆరా తీస్తే సంగతి బయటపడింది. పిల్లాడు బుద్ధిమంతుడు, చేతిలో పనుంది, పిల్లకు నచ్చాడు. అందరూ సరేనన్నారు. పిల్లాడి వాళ్లు మాట్లాడుకోవడానికి అక్క ఇంటికి వచ్చిన రోజున చూద్దును కదా, పిల్లాడి వెనకాల గుమ్మంలో తల వంచి లోపలికి వస్తున్న పొడుగాటి మనిషి, వాళ్ల తాత, కొరడా!

అంతా బాగానే సాగింది. టీలు పోశారు. బిస్కెట్లు పిల్లాడే చేసి తెచ్చాడు, పళ్లెం ఖాళీ అయింది. పెళ్లి ఎప్పుడన్నది కూడా తేలిపోయింది. బావ, కొరడా మాత్రం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా గోడమీది క్యాలెండరు చూస్తూ, “ఎండలు ఎక్కువే”, “అవునండీ ఎక్కువే” అని మర్యాదలు పోతున్నారు. నా నోరు ఊరుకుంటేనా?

“ఇంతకీ, మీరిద్దరూ తలపడితే ఎవరు గెలిచేవారండీ?” అన్నాను.

మా అక్క నావైపు చూసిన చూపుకు టీ చల్లారిపోయింది.

“ఆరో రౌండు,” అన్నాడు బావ, క్యాలెండరు మీంచి కన్ను తీయకుండా.

“ఆరో రౌండులో ఏమవుతుందండీ?” అన్నాడు కొరడా.

“ఏముంది, నేను ఇంటికెళ్లి భోంచేస్తా. నిన్ను మోసుకెళ్లడం మీవాళ్ల పని.”

“అంటే నీ కుడిచెయ్యి నా గడ్డం దాకా వస్తుందనే?”

“ఎందుకు రాదు?”

“ఆ పొట్టి చెయ్యి అక్కడినుంచి ఇక్కడికి రావాలంటే మధ్యలో రెండు బస్సులు మారాలి.”

పిల్లాడు పక్కున నవ్వి, తాత వెనక దాక్కున్నాడు. నేను తొడ గిల్లుకుని ఆపుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. బావ మాత్రం కప్పు కింద పెట్టి, నెమ్మదిగా అన్నాడు:

“నువ్వు ఆ బెల్టు నా దగ్గర గెల్చుకోలేదు. నేను మేకుకి తగిలించి పోతే, మేకు మీంచి తీసి కట్టుకున్నావు.”

కొరడా ముఖంలో నవ్వు పోయింది. లేచాడు. లేస్తే సగం గది నిండిపోయే మనిషి.

“ఆ మాట వెనక్కి తీసుకుంటేగానీ ఈ గడప తొక్కను.”

“నేనే గెలిచేవాణ్ణని నువ్వు ఒప్పుకుంటేగానీ ఆ పెళ్లికి రాను.”

ఒకరు వీధిలోకి, ఒకరు పెరట్లోకి. మధ్యలో మా మనవరాలు, చేతిలో ఖాళీ పళ్లెంతో.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నా కొట్లోకి వచ్చింది. సరాసరి కాటా ఎక్కి నిలబడింది. చట్టం తెలిసిన పిల్ల.

“చిన్న తాతయ్యా, మాట్లాడుతున్నా. విను.”

“వింటున్నా తల్లీ.”

“తాతయ్య ముందు వరసలో కూర్చోకపోతే ఈ పెళ్లి లేదు. బెదిరింపు కాదు. అతనికీ చెప్పేశా. అమ్మా నాన్నా ఊళ్లు తిరిగే ఉద్యోగాల్లో ఉంటే నన్ను పెంచింది తాతయ్య. బళ్లో ఎవడో ఏడిపించాడంటే పిడికిలి ఎలా ముయ్యాలో చూపించాడు. బొటనవేలు లోపల పెట్టకే, విరుగుతుంది అని. ఆయన లేకుండా నేను ఎలా కూర్చుంటా అక్కడ?”

“మీ తాతకి నచ్చజెప్పలేదా?”

“చెప్పా. ‘నువ్వు చేసుకోమ్మా, నేను ఇంట్లోంచే దీవిస్తా’ అంటాడు. గోడకి తిరిగి పడుకున్నాడు. అమ్మమ్మ వంట మానేసింది. ఇదంతా ఎవరివల్ల?”

నేను తక్కెడ పళ్లెం ఒకటి తుడవడం మొదలుపెట్టాను. అది శుభ్రంగానే ఉంది.

“నిన్నే. నిప్పు పెట్టింది నువ్వు. నువ్వే ఆర్పు.”

“ఓస్, ఇంతేనా!” అన్నాను. “ఆదివారం పొద్దున ఇద్దర్నీ ఇక్కడికి రప్పిస్తా. మా చట్టం ప్రకారం పోటీ పెట్టిస్తా. సాయంత్రానికి నీ పెళ్లి మాటలు మళ్లీ మొదలు. నువ్వు చీర కొనుక్కో పో.”

“ఇద్దరూ వస్తారా?”

“పరిగెత్తుకుంటూ.”

చెప్పినంత సులువుగానే వచ్చారు. బావ దగ్గరికి వెళ్లి, “కొరడా ఆదివారం మా కొట్టుకి వస్తున్నాడట, నువ్వు మాత్రం రావని అందరికీ చెబుతున్నాడు బావా,” అన్నాను. బావ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. అక్కడినుంచి కొరడా ఇంటికి వెళ్లి అదే మాట పేరు మార్చి చెప్పాను. ఆయన తలుపు వెనకాలే నిలబడి విని, “ఎన్నింటికి?” అన్నాడు. ఒక్క అబద్ధంతో రెండిళ్లు తిరిగిన పొదుపరి నేను తప్ప ఇంకెవరున్నారు?

ఆదివారం కొట్టు తెరిచేసరికి ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు, తాళం కోసం ఎదురుచూస్తున్నారు. పళ్ల డాక్టరు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మనవరాలు గంట దగ్గర కూర్చుంది. గంటంటే వేలాడే తక్కెడ పళ్లెం, దాన్ని రెంచితో కొట్టడం. కొట్టింది.

మొదటి ఆరు రౌండ్లు ఎవరి తరఫున వాళ్లే. ముందు బావ ఎక్కాడు. కాటా మూలిగింది. రింగులో మూలకు ఎలా తోస్తాడో, తలతో ఎలా గుండెకు ఆనుకుంటాడో, డొక్కలో రెండు వేసి కుడిచెయ్యి ఎలా దింపుతాడో చెబుతూ చేతులు ఊపేసరికి ఇత్తడి కడ్డీ ఎగిరెగిరి టంగు టంగుమంటోంది.

“ఆగండాగండి,” అన్నాడు డాక్టరు. “కొరడా అప్పటిదాకా ఏం చేస్తున్నట్టు? నిలబడి మీరు చెప్పేది వింటున్నాడా?”

“వినే స్థితిలో ఉంటేగా!”

తరవాత కొరడా ఎక్కాడు. కాటా అసలు గమనించనట్టే ఊరుకుంది, అంత చిక్కిపోయాడు. చెయ్యి చాచి నా కొట్టు చివరి గోడకున్న మేకు తాకి చూపించాడు.

“మీ బావ ఇక్కడ ఆగిపోతాడు. ఈ చేతి చివర. ఆరు రౌండ్లూ ఇక్కడే. మధ్యలో విసుగొస్తే కాస్త నా గ్లవ్‌కి తల ఆనించి కునుకు తియ్యొచ్చు.”

“కునుకా! నా దెబ్బకి నీ పూర్వీకులు లేచి కూర్చుంటారు!” బావ కింద నుంచి అరిచాడు.

“కింద ఉన్నవాళ్లు మాట్లాడకూడదు,” అన్నాను. “చట్టం.”

మనవరాలు పళ్లెం కొట్టింది. ఆరు అయిపోయాయి. డాక్టరు గొంతు సవరించుకుని, “పక్షం మారండి,” అన్నాడు.

బావ కాటా ఎక్కి, మీసం సర్దుకుని, చుట్టూ చూశాడు.

“ఇప్పుడు నేను వీడి తరఫున మాట్లాడాలా? నా నోటితోనా?”

“చట్టం బావా.”

“ఏ బుద్ధిలేనివాడు చేశాడు ఈ చట్టం?”

“నువ్వే. గానుగ ఓడిపోతున్నాడని.”

బావ కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. మొదలుపెట్టినప్పుడు మాట్లాడినవి మాటల్లా లేవు, కరెంటు ఆఫీసువాళ్ల సమాధానాల్లా ఉన్నాయి. “ఏడో రౌండు. కొరడా ఎడమచేత్తో కొడతాడు. బాగానే కొడతాడు.”

“మనసుపెట్టి,” అన్నాడు డాక్టరు.

“చెబుతున్నాగా! వీడు కొట్టేటప్పుడు అందరూ చెయ్యి చూస్తారు. చెయ్యి చూస్తే చచ్చారన్నమాటే. మడమ చూడాలి. దెబ్బ వచ్చే ముందు వీడి వెనక కాలి మడమ నేలకి ఆనుతుంది. అది ఆనిందంటే దెబ్బ బయల్దేరినట్టు.” బావ స్వరం మారింది. చేతులు కిందికి దిగాయి. “కానీ వీడు దొంగ. అది చూసేవాళ్లుంటారని వీడికి తెలుసు. అందుకని ఒక్కోసారి మడమ ఆనించి, కొట్టడు. ఆగుతాడు. ఎదుటివాడు దెబ్బ తప్పించుకోడానికి తల తిప్పుతాడు. అప్పుడు తిప్పినవైపు కొడతాడు. నేనైనా... నేనైనా తిప్పేవాణ్ణి.”

కొరడా కుర్చీలోంచి ముందుకు వంగాడు.

“ఆ మడమ సంగతి నీకెవరు చెప్పారు?”

“ఎవరో.”

“ఎవరూ చెప్పలేరు. మా కోచ్‌కే తెలీదు. రింగుకి ఆనుకుని కూర్చుంటేగానీ అది కనబడదు. నువ్వు నా పోటీలకి వచ్చావా?”

బావ కడ్డీ వైపు తల తిప్పుకున్నాడు. పెద్ద మనిషి, కాటా మీద దొరికిపోయాడు. దిగుదామంటే రౌండు అవలేదు.

“టోపీ!” అన్నాడు కొరడా ఒక్కసారిగా. “టోపీ పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని, రింగులో నా ఎర్ర మూల కింద కూర్చునేవాడొకడు! నడిఎండాకాలంలో మఫ్లరేమిట్రా వీడికి, పాపం జబ్బేమో అనుకునేవాణ్ణి. నా పోటీ ఒక్కటి వదల్లేదు ఆ మనిషి!”

“చలేసింది,” అన్నాడు బావ.

“తాతయ్యా,” మనవరాలు రెంచి దించింది, “అమ్మమ్మకి ఏం చెప్పి వెళ్లేవాడివి?”

“పన్ను నొప్పని.”

డాక్టరు లేచి నిలబడ్డాడు. “ఓహో! మీ ఆవిడ నన్ను ఎప్పుడు చూసినా, ‘ఆయన పన్ను ఇంకా బాగుచెయ్యలేకపోయారా’ అని దెప్పేది. ఇన్నేళ్లు నా పేరు పాడుచేసింది మీ మఫ్లరా?”

కొట్టంతా నవ్వుల్లో పడింది. బావ కూడా నవ్వాపుకోలేక మీసం కొరుక్కున్నాడు. ఆ నవ్వులోనే పళ్లెం మోగింది. బావ దిగాడు, కొరడా ఎక్కాడు. ఆయన నవ్వడం లేదు.

“దిమ్మిస తరఫున,” అన్నాడు. “ఊహించి చెప్పను. చూసింది చెబుతా. ఈయన ఆఖరి పోటీ. నేనప్పుడు కింది తరగతిలో ఉన్నా, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లా. రెండో రౌండులోనే కుడి మణికట్టు విరిగింది. పోటీ అయ్యాక ఎప్పుడో విరిగిందని పేపర్లో వేశారు. కాదు. రెండో రౌండు. ఆ దెబ్బ తగిలాక ఈయన నోట్లో గార్డు కొరికిన తీరు చూశా.”

బావ తన కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకున్నాడు. తెలియకుండానే.

“ఆ తరవాత పది రౌండ్లు. ఆ కుడిచెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. ఒక్కసారి కొట్టలేదు. కొట్టక్కర్లేకపోయింది. ఎత్తితే చాలు, అవతలివాడు రెండడుగులు వెనక్కి. ఎత్తడం, ఎడమచేత్తో కొట్టడం. అలా గెలిచి, అదే చెయ్యి పైకెత్తి జనానికి చూపించి, నవ్వుతూ దిగాడు. ఆ చెయ్యి బాగుంటే ఎలా ఉంటుందో చూడాలని నేను బరువు పెంచుకుని ఈ తరగతిలోకి వచ్చా. బెల్టు కోసం కాదు. ఈయన కోసం. వస్తాడని ఆగా. రాలేదు. చివరికి వేరేవాడితో ఆడించి నాకు కట్టారు. అది ఈయన నడుముకి కుట్టిన బెల్టు. నాకు వదులు. ఇంకో చిల్లు కొట్టించుకోమన్నారు. కొట్టించలేదు. ఫొటోలన్నిట్లో చూడండి, ఒక చేత్తో పట్టుకునే ఉంటా, జారకుండా.”

మనవరాలు పళ్లెం కొట్టడం మరిచిపోయింది. నేనూ గుర్తుచేయలేదు.

బావ లేచి కాటా దగ్గరికి వెళ్లాడు. “మేకు మాట తప్పు,” అన్నాడు. “వెనక్కి తీసుకుంటున్నా.”

“నువ్వే గెలిచేవాడివి,” అన్నాడు కొరడా. “ఒప్పుకుంటున్నా.”

హమ్మయ్య, పని అయిపోయిందని నేను భుజం మీది తువ్వాలు దులిపానో లేదో, బావ అడ్డంగా తల ఊపాడు.

“ఎలా గెలుస్తా? మడమ చూసి తల తిప్పేవాణ్ణని చెప్పాగా. నువ్వే గెలిచేవాడివి.”

“నీకు చెప్పేది అర్థం కాదా? ఆ చెయ్యి ఎత్తితే నేను వెనక్కి పోయేవాణ్ణి.”

“నువ్వు పోవు. నేను చూశాగా నిన్ను.”

“నేనూ చూశా నిన్ను!”

“జాలిపడి ఇచ్చే గెలుపు నాకొద్దు!”

“నాకు మాత్రం కావాలా?”

మళ్లీ గొంతులు లేచాయి. మునుపు నేనంటే నేనని కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు నువ్వంటే నువ్వని మీదికి వెళ్తున్నారు. నా కొట్టు ముందు నలుగురు ఆగి చూస్తున్నారు. మనవరాలు వచ్చి మధ్యలో నిలబడింది.

“అయితే ఇప్పుడు కూడా పెళ్లికి రావా తాతయ్యా?”

బావ ఆ పిల్ల కళ్లలోకి చూడలేక నా వైపు చూశాడు. నేను డాక్టరు వైపు చూశాను. డాక్టరు తన జీవితమంతా ఆ క్షణం కోసమే పళ్లు పీకినట్టు నిటారుగా నిలబడ్డాడు.

“తీర్పు వినండి. మొదటి ఆరు రౌండ్లలో ఎవరికి వాళ్లు గెలిచారు. తరవాతి ఆరు రౌండ్లలో ఎవరికి వాళ్లు ఓడారు. కలిపితే సమానం. డ్రా.”

ఇద్దరూ ఆగారు. ఛాంపియన్లు కదా, తీర్పరి మాట విన్నాక ఆగడం ఒంట్లో ఉంటుంది.

“డ్రా అయితే బెల్టు ఎవరిది?” అన్నాడు బావ అనుమానంగా.

“ఏం బావా, అదీ నేనే చెప్పాలా?” అన్నాను. “డ్రా అయితే ఛాంపియన్ దగ్గర్నుంచి బెల్టు తీసుకోరు. ఛాంపియన్‌గా రింగు ఎక్కినవాడు ఛాంపియన్‌గానే దిగుతాడు. ఇక్కడ ఎక్కినవాళ్లిద్దరూ ఛాంపియన్లే. దిగేవాళ్లూ ఇద్దరూ ఛాంపియన్లే.”

బావ ఆ మాట నోట్లో వేసుకుని నమిలాడు. కొరడా కూడా. రుచి ఇద్దరికీ నచ్చినట్టే ఉంది. కానీ కొరడా నోరు కూడా నా నోటికి తోబుట్టువే.

“అంతా బాగుంది,” అన్నాడు. “కానీ బరువు తూచకుండా టైటిల్ పోటీ చెల్లదు. ఈయన తొంభై కిలోలు దాటి ఎన్నేళ్లయిందో!”

“నన్నంటావా? గాలి తోలితే గుమ్మం దాటిపోయేట్టున్నావు నువ్వు!”

“మా లిఫ్టుల్లో,” అంది మనవరాలు, ఇద్దరి చేతులూ చెరొకటి పట్టుకుని, “ఎవరు ఎంత అని అడగం. అందరూ కలిపి ఎంత అని చూస్తాం. ఎక్కండి ఇద్దరూ.”

ఎక్కించింది. బస్తాల కాటా కాబట్టి ఇద్దరూ పట్టారు. బావ పొట్ట అడ్డం వచ్చి కొరడా అంచుకు పోతుంటే, పడిపోకుండా బావ భుజం చుట్టూ ఆ పొడుగాటి ఎడమచెయ్యి వేశాడు. నేను గుండును జరిపాను. ఇద్దరు క్రూయిజర్‌వెయిట్‌ల హద్దు కలిపి నూట ఎనభై ఒకటి, ఆపైన అర కిలోకి కాస్త తక్కువ. సరిగ్గా అక్కడ పెట్టాను. హద్దు లోపలుంటే చాలు, పోటీ చెల్లుతుంది. అది నాకు తెలుసు. కానీ కడ్డీ కిందికి వాలి ఉంది. ఇంకో కిలో ఉంటే గాల్లో నిలుస్తుంది. ఒక్క కిలో తక్కువైనందుకు అంత అందమైన కడ్డీని అలా వాలి ఉండనివ్వడానికి నాకు మనసొప్పలేదు. కాటా పలక అంచు మీద నా కాలి బొటనవేలు ఆనించాను. కడ్డీ లేచింది, ఊగింది, నిలబడింది.

“సరిపోయింది!” అన్నాను. “గ్రాము తేడా లేదు!”

డాక్టరు చప్పట్లు కొట్టాడు. గుమ్మం బయట నిలబడ్డవాళ్లూ కొట్టారు. బావ కడ్డీ చూశాడు, కిందికి చూశాడు, నా బొటనవేలు చూశాడు. నేను పైకప్పు చూశాను.

“మీ చిన్న తాత కాటా ఎప్పుడూ తప్పు చెప్పదమ్మా,” అన్నాడు బావ మనవరాలితో. “ముందు వరసలో కుర్చీ గట్టిది వెయ్యమను. ప్లాస్టిక్‌ది నన్ను మొయ్యదు.”

“రెండు వెయ్యమను,” అన్నాడు కొరడా. “పక్కపక్కన. ఇంతకీ బావగారూ, మఫ్లరు ఇంకా ఉందా?”

ఉంది. పెళ్లికి అదే చుట్టుకొచ్చాడు. ముందు వరసలో ఇద్దరూ గట్టి కుర్చీల్లో కూర్చున్నారు. పిల్లా పిల్లాడూ దండలు మార్చుకునే సమయానికి బావ కళ్లు తుడుచుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. నేను వెనక వరసలోనే ఉన్నాను కాబట్టి వినబడింది. కళ్లు తుడుచుకుంటూనే ఆయన కొరడా చెవిలో, “పలుగు దెబ్బ మంచిదే బావగారూ, కానీ గానుగ ముందు ఎనిమిదో రౌండు దాటడు,” అంటున్నాడు.

“ఎనిమిదా?” అన్నాడు కొరడా. “భోజనాలవనివ్వండి. కాటా దగ్గరికే పోదాం.”